టైల్స్ షెడ్డులో భీమేశ్వరరావు గారి కొలతలు

భీమేశ్వరరావు గారు ముప్పై మూడేళ్ళు శబ్దాన్ని కొలిచారు. కాలుష్య నియంత్రణ శాఖలో ఆయన ఉద్యోగం అదే. మొదట కాకినాడ రైసు మిల్లుల దగ్గర, బదిలీ మీద వచ్చాక హైదరాబాదు ఫ్యాక్టరీల దగ్గర, ఫంక్షన్ హాళ్ళ దగ్గర, మూడుకాళ్ళ స్టాండు మీద మీటరు నిలబెట్టి, అంకె చూసి, ఫారంలో రాసుకుని వచ్చేవారు. ఏం మోగుతోందన్నది ఆయనకు అక్కర్లేదు. ఎంత మోగుతోందన్నదే కావాలి. పెళ్ళి బాజా అయినా, పిండి మర అయినా, 'శబ్ద మూలం' అన్న గడిలో ఒక్క మాటతో సరిపెట్టేవారు. రిటైరైన రోజు సహోద్యోగులు శాలువా, గోడ గడియారం కొంటామంటే ఆయన రెండూ వద్దని, చిన్నదైనా మంచి మీటరు ఒకటి కొనిపెట్టమని అడిగారు. కొనిచ్చారు.

ఆ తర్వాత భార్య భ్రమరాంబ గారితో గోపన్‌పల్లిలో మా అపార్ట్‌మెంట్‌కు వచ్చారు. సొంత ఫ్లాటే. మాది వాళ్ళ కింద అంతస్తు. ఆ ఇంట్లో మనుషులున్నారని తెలియడానికి మాకు వారం పట్టింది. ఉద్యోగంలో విన్నదంతా విన్నాక ఆయనకు ఇంట్లో ఏ చప్పుడూ పడేది కాదు. భ్రమరాంబ గారు వంటగది తలుపు వేసుకుని, "మిక్సీ వేస్తున్నానండీ" అని ముందుగా చెప్పి వేసేవారు. ఆయన బాల్కనీలోకి వెళ్ళి, అయ్యాక వచ్చేవారు. దీని గురించి వాళ్ళిద్దరూ ఎప్పుడూ గొడవ పడినట్టు లేదు. పడినా మాకు వినపడి ఉండదు.

మా ప్రహరీకి రెండు వందల గజాల అవతల ఒక రేకుల షెడ్డు ఉండేది. సురేంద్ర అనే ఆ ఊరి అతని తండ్రి అందులో టైల్స్ అమ్మేవాడు. రోడ్డు వెడల్పయి పెద్ద షోరూములు వచ్చాక వ్యాపారం మూసేశాడు. ఖాళీ షెడ్డును సురేంద్ర ఆదివారాలు సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా తెరవడం మొదలుపెట్టాడు. గచ్చిబౌలి ఆఫీసుల్లో పనిచేసే పిల్లలు గిటార్లు భుజాన వేసుకుని బైక్ ట్యాక్సీల మీద వచ్చేవాళ్ళు. వాళ్ళు పాడేవి సినిమా పాటలు కావు. వాళ్ళే రాసుకున్నవి. గోడలకు బొమ్మలు తగిలించేవాళ్ళు. అవీ వాళ్ళు గీసినవే. మాలో ఎవరికీ ఆ పాటలు తెలియవు కాబట్టి వాటిని చప్పుడు అనడానికి ఎవరికీ ఇబ్బంది కలగలేదు.

మా అసోసియేషన్ ప్రెసిడెంటు రంగనాథ్ గారిది ప్రొద్దుటూరు. ప్లాట్లు కొనిపించడం, అమ్మించడం ఆయన పని. చేతిలో పని పెట్టుకుని ఊరుకునే మనిషి కాదు. షెడ్డు మూయించాలని ఫిర్యాదు రాయించారు. మొదటి సంతకం ఆయనది. జాయింట్ సెక్రటరీని కాబట్టి రెండోది నాది. ఆధారం కావాలి కదా అనుకుని ఇద్దరం భీమేశ్వరరావు గారి ఫ్లాటుకు వెళ్ళాం.

"సార్, మీరు మిషను పెట్టి ఒక నంబరు ఇయ్యండి, చాలు. మిగతాది నేను చూసుకుంటా" అన్నారు రంగనాథ్ గారు.

ఒక రోజు కొలిస్తే చెల్లదని భీమేశ్వరరావు గారు చెప్పారు. కనీసం మూడు ఆదివారాలు కావాలి. షెడ్డు లోపలొకసారి, మన గోడ దగ్గరొకసారి. పాట లేనప్పుడు ఎంత ఉందో కూడా కొలవాలి, దాన్ని నేపథ్య శబ్దం అంటారు. అది తెలియకపోతే మిగతా అంకెలకు అర్థం లేదు. రంగనాథ్ గారికి ఇంత పద్ధతి నచ్చలేదు గానీ, సరేనన్నారు.

మొదటి ఆదివారం నేను కూడా వెళ్ళాను. షెడ్డు గుమ్మంలో సురేంద్ర ఎదురొచ్చి ఎవరని అడిగాడు. భీమేశ్వరరావు గారు దాచలేదు.

"మీ మీద ఫిర్యాదు వచ్చిందండి. కొలవడానికి వచ్చాను."

సురేంద్ర ఆయన్నీ, చేతిలోని స్టాండునీ చూశాడు. "కొలువుండ్రి సార్. చాయ్ తాగుతరా?" అన్నాడు.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ తలుపులు వేసినవాళ్ళను, కుక్కలను వదిలినవాళ్ళను చూశాను గానీ చాయ్ ఇచ్చినవాడు ఇతనే అని ఆయన తర్వాత నాతో అన్నారు. అప్పటికి మాత్రం వద్దండి అని, కుర్చీల మధ్య స్టాండు నిలబెట్టారు. ముందు నలుగురు కుర్రాళ్ళ బృందం వాయించింది. డ్రమ్స్ ఉన్నాయి. ఎనభై ఎనిమిది డెసిబెల్స్. రాసుకున్నారు. తర్వాత కాస్త విరామం ఇచ్చారు. జనం లేచి తిరుగుతూ గట్టిగా మాట్లాడుకుంటున్నారు. ఆయన నేరుగా మైకు దగ్గరికి వెళ్ళారు.

"అందరికీ నమస్కారమండి. నేపథ్యం కొలవాలి. దయచేసి ఐదు నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు, కదలకూడదు. ఫోన్లు ఆపండి. ఫ్యాన్లు కూడా ఆపాలి."

ఆయన గొంతులో ముప్పై మూడేళ్ళ ప్రభుత్వం ఉంది. అరవై మంది కూర్చున్నారు. సురేంద్ర ఫ్యాన్లు ఆపాడు. చెమటలు పట్టాయి. ఎండకు పై రేకులు టిక్కుమంటున్నాయి. ఎక్కడో నీళ్ళ ట్యాంకరు వెనక్కి వస్తోంది. ఆ తర్వాత ఏదో పిట్ట. భీమేశ్వరరావు గారు మీటరు వైపే చూస్తూ నిలబడ్డారు. ఐదు నిమిషాలయ్యాక, "నలభై నాలుగు. అయిపోయిందండి, థాంక్స్" అన్నారు.

చప్పట్లు మొదలయ్యాయి. చాలాసేపు కొట్టారు. ముందు వరసలో ఒకమ్మాయి కళ్ళు తుడుచుకుంది. ఆయన ఎందుకో అర్థంకాక వెనక ఎవరైనా వచ్చారేమోనని తిరిగి చూశారు. ఒక గడ్డం కుర్రాడు దగ్గరకొచ్చి, దీన్ని ఎన్నాళ్ళుగా చేస్తున్నారని భక్తిగా అడిగాడు.

"ముప్పై మూడేళ్ళు" అన్నారాయన.

ఫ్యాన్లు మళ్ళీ వేసేలోపే తర్వాతి మనిషి మైకు ముందు కూర్చుంది. పేరు స్వాతి. ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తుంది, లేడీస్ హాస్టల్లో ఉంటుంది. ఆమెది చిన్న గొంతు. ఎప్పుడూ ఆమె పాడుతుంటే జనం మాట్లాడుకుంటూనే ఉండేవాళ్ళట. ఆరోజు ఇంకా ఎవరూ మాటల్లోకి రాలేదు. పక్కన వాయిద్యం ఏమీ లేకుండా, స్టీలు టిఫిన్ డబ్బా మీద వేలితో తాళం వేస్తూ పాడింది.

ముగ్గురం పంచుకున్న గదిలో
కిటికీ నాది
కిటికీ అవతల ఇంకో కిటికీ
అదెవరిదో

ఇంకా ఉంది. నాకు ఇంతవరకే గుర్తుంది. భీమేశ్వరరావు గారు మీటరు ఆపడం మరిచిపోయారు. పాట అయ్యాక ఫారం తీసుకుని 'శబ్ద మూలం' గడి ముందు పెన్ను పట్టుకుని అలాగే ఉండిపోయారు. నేను తొంగి చూశాను. చివరికి ఇలా రాశారు: 'ఒకమ్మాయి, కిటికీ గురించి.' గడి చాలక పక్క గడిలోకి వెళ్ళింది.

ఆ అమ్మాయే ఆయన దగ్గరికి వచ్చింది. పాట ఎలా ఉందని అడిగింది. ఆయన జవాబివ్వాలి కాబట్టి తనకు తెలిసింది చెప్పారు.

"సగటు నలభై తొమ్మిదమ్మా. రెండో చరణం చివర్లో నలభై ఆరుకు దిగింది."

"అక్కడ కావాలనే దించాను అంకుల్. రెండేళ్ళుగా పాడుతున్నాను, అందరూ సూపర్ అంటారు. అది ఎవరూ గమనించలేదు" అంది స్వాతి.

ఇంటికి నడుస్తూ ఆయన నాతో ఒక మాట అన్నారు. ఉద్యోగంలో ఎప్పుడూ ఎక్కువ ఎంతన్నదే చూశాం గానీ, తక్కువను ఎవరూ కొలవమనలేదు అని.

బుధవారం మా వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక పోస్టరు పెట్టారు. వచ్చే ఆదివారం కార్యక్రమం వివరాలు. బృందాల పేర్ల మధ్య, 'నాలుగున్నరకు: భీమేశ్వరరావు — నేపథ్యం' అని ఉంది. రంగనాథ్ గారు నాకు ఫోన్ చేసి ఇది మన భీమేశ్వరరావేనా అని అడిగారు. గోపన్‌పల్లిలో ఆ పేరుతో ఇంకొకరు ఉన్నట్టు నాకు తెలియదన్నాను. నేను పైకి వెళ్ళి అడిగితే భీమేశ్వరరావు గారు నిదానంగా చెప్పారు: నేపథ్యం ప్రతివారమూ కొలవాల్సిందే, అది ఎన్ని గంటలకో వాళ్ళు ముందే జనానికి చెబుతున్నారు, మంచిదే.

రెండో ఆదివారం భ్రమరాంబ గారు కూడా వచ్చారు. భర్త స్టేజీ మీద ఏం చేస్తున్నాడో తెలుసుకోవడం తన బాధ్యత అనుకున్నారు. ఐదు నిమిషాలు అందరితోపాటు కూర్చుని, ఇది ఇంట్లో రోజూ ఉండేదేగా అనుకుని, గోడకున్న బొమ్మలు చూడటానికి లేచారు.

బొమ్మలన్నీ కుర్చీలే. నలభై ఉన్నాయి. గోపన్‌పల్లి, నల్లగండ్ల అపార్ట్‌మెంట్ల గేట్ల ముందు వాచ్‌మెన్లు కూర్చునే కుర్చీలు, నల్ల ఇంకుతో గీసినవి. కాలు విరిగితే ఇటుకలు పెట్టిన కుర్చీ ఒకటి. సీటు పోతే ప్లాస్టిక్ తాడు అల్లినది మరొకటి. ఆఫీసులో పారేసిన చక్రాల కుర్చీకి చక్రాలు తీసేసినది కూడా ఉంది. గీసింది ఉమాశ్రీ అని అమలాపురం పిల్ల. పగలు ఒక కంపెనీకి యాప్ తెరల మీద బటన్లు ఎక్కడ ఉండాలో గీస్తుంది. భ్రమరాంబ గారు పదిహేడో బొమ్మ ముందు ఆగిపోయారు. విరిగిన చేతికి కేబుల్ వైరు చుట్టి, సీటు మీద గోనెసంచి మడిచి వేసిన కుర్చీ. అది మా గేటుది. ఆమె రోజుకు రెండుసార్లు దాని పక్కనుంచే వెళతారు.

"మనిషిని వెయ్యలేదేమమ్మా?" అని అడిగారు.

"మనిషిని గీస్తే అందరూ మొహం చూసి వెళ్ళిపోతారండి పిన్నిగారూ. కుర్చీ గీస్తే, ఇందులో ఎంతసేపు కూర్చున్నాడో చూస్తారు."

మర్నాడు పొద్దున్నే భ్రమరాంబ గారు తమ భోజనాల బల్ల కుర్చీ ఒకటి లిఫ్టులో దించి గేటు దగ్గర వేయించారు. వాచ్‌మన్ ఒక రోజు దాని మీద కూర్చున్నాడు. తర్వాత మళ్ళీ గోనెసంచి కుర్చీకే వెళ్ళి, కొత్తదాని మీద అన్నం క్యారియరు పెట్టుకున్నాడు. ఉమాశ్రీ వచ్చి క్యారియరుతో సహా దాన్ని కూడా గీసుకుంది. నలభై ఒకటి.

మూడో ఆదివారం వాన. రేకుల మీద తొంభై మూడు. పాడటానికి లేదు, మాట్లాడటానికీ లేదు. అయినా ఎవరూ వెళ్ళలేదు, బయట అంతకంటే తడిగా ఉంది కాబట్టి. భీమేశ్వరరావు గారు మూలం గడిలో 'వాన' అని ఒక్క మాట రాశారు గానీ, ఆ రోజు లెక్కలోకి రాదని నాలుగో ఆదివారం కూడా వెళ్ళారు.

తర్వాత సర్వసభ్య సమావేశంలో నివేదిక చదివారు. నివాస ప్రాంతంలో పగలు అనుమతి యాభై ఐదు. షెడ్డులో పాట ఉన్నప్పుడు మన గోడ దగ్గర యాభై రెండు. పాట లేనప్పుడు, రోడ్డు వల్ల, యాభై ఒకటి. అంటే షెడ్డు వల్ల పెరిగింది ఒకటి. ఆపైన, అడగకపోయినా పద్ధతి ప్రకారం కొలవాల్సినవి అంటూ ఇంకో రెండు చదివారు. మన జనరేటర్ డి బ్లాకు కిటికీల దగ్గర డెబ్బై నాలుగు. క్లబ్ హౌస్‌లో ఆదివారం జరిగే జుంబా క్లాసు డెబ్బై.

హాలులో కుర్చీలు కదిలాయి. రంగనాథ్ గారు లేచారు.

"ఏం సార్ ఇది? మేము అడిగింది వాళ్ళ సంగతి."

"నేను కొలిచింది అందరిదీనండి."

"మీరు వాళ్ళ పోస్టర్లో పేరేయించుకున్నారు. ఆడ మీకు చప్పట్లు గూడా కొడ్తారంట. ఇంక మీ నంబరు ఎట్ల నమ్మాల సార్?"

నిజానికి ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. కానీ భీమేశ్వరరావు గారి మొహం నేను చూశాను. మిల్లు యజమానులు, మండపాల కమిటీలు ఆయన్ని రకరకాలుగా తిట్టి ఉంటారు. అంకె తప్పని ఎవరూ అని ఉండరు. ఆయన కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నారు. బల్ల మీదున్న మీటరును పెట్టెలో సర్ది, పెట్టెను రంగనాథ్ గారి ముందుకు జరిపారు.

"అయితే మీరే కొలవండి. పచ్చ బొత్తాం నొక్కితే మొదలవుతుంది" అని ఇంటికి వెళ్ళిపోయారు.

ఆ వారం ఆయన కిందికి దిగలేదు. భోజనం సరిగా చేయడం లేదని భ్రమరాంబ గారు మా ఆవిడతో చెప్పారట. మిక్సీ వేసినా బాల్కనీలోకి వెళ్ళకుండా అక్కడే కూర్చుంటున్నారట. ఆమెకు అది కంగారు పుట్టించింది.

రంగనాథ్ గారు మాట మీద నిలబడే మనిషి. ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెట్టె పట్టుకుని, సాక్షిగా నన్ను తీసుకుని షెడ్డుకు వెళ్ళారు. సురేంద్ర ఆయనకూ చాయ్ ఇచ్చాడు. భీమేశ్వరరావు సార్ రాలేదేందని అందరూ అడిగారు. నాలుగున్నరకు నేపథ్యం కొలవాల్సిన బాధ్యత మీటరుతోపాటు రంగనాథ్ గారి మీద పడింది. మైకులో, "అందరూ కొంచెం గమ్మునుండండి" అన్నారు. ఉన్నారు. మూడో నిమిషంలో ఆయన ఫోనే మోగింది. అరవై తలలు తిరిగాయి. ఆయన ఫోను ఆపి, మళ్ళీ మొదటి నుంచి కొలిచారు. తర్వాత డ్రమ్స్ బృందం వాయిస్తుంటే నేను లోపల ఉన్నాను, ఆయన మా గోడ దగ్గరికి వెళ్ళి కొలిచి వచ్చారు. యాభై రెండు.

ఆ సాయంత్రం ఆయన నేరుగా భీమేశ్వరరావు గారి ఫ్లాటుకు వెళ్ళారు. గుమ్మంలోనే నిలబడి చెప్పారు.

"పాటలు నాకేం నచ్చలేదు సార్. అర్థం గూడా కాలేదు. మీ నంబరు మాత్రం కరెక్టే."

భీమేశ్వరరావు గారు లోపలికి పిలిచి కూర్చోబెట్టారు. భ్రమరాంబ గారు కాఫీ ఇచ్చారు. రంగనాథ్ గారు ఫిర్యాదు చించేశారు. నెలలో జనరేటర్‌కు గది కట్టించారు. జుంబా మాత్రం అలాగే ఉంది, అందులో రంగనాథ్ గారి భార్య లక్ష్మీదేవి గారు ఉన్నారు.

కథ ఇక్కడితో ఆగితే బాగుండేది. కానీ రంగనాథ్ గారు షెడ్డుకు వెళ్ళిన రోజు శబ్దంతోపాటు స్థలాన్ని కూడా చూశారు. ఎనిమిది వందల గజాలు, రెండు వైపులా రోడ్డు. ఆయన కళ్ళకు అది కనపడకుండా ఉండదు. ఇందులో కక్ష ఏమీ లేదు. నెల తిరక్కుండా ఒక బిల్డరును సురేంద్ర తండ్రి దగ్గరికి తీసుకెళ్ళారు. ముసలాయన ఒప్పుకున్నాడు.

సురేంద్ర ఆ సంగతి చెప్పడానికి మొదట వచ్చింది భీమేశ్వరరావు గారి దగ్గరికే. "బాపు సంతకం వెట్టిండు సార్. నేనేం జేస్త? నాకు పాట రాదు, బొమ్మ రాదు. షెడ్డొక్కటే ఉండె" అన్నాడు. భీమేశ్వరరావు గారు, షెడ్డు నువ్వు తెరిస్తేనే షెడ్డయింది, అంతకుముందు అది గోడౌను అని అన్నారట. సురేంద్ర ఈ మాట ఇప్పటికీ చెబుతాడు.

చివరి ఆదివారం స్వాతి ఏడు పాటలు పాడింది. జనం రోడ్డు దాకా నిలబడ్డారు. కార్యక్రమం అయ్యాక ఉమాశ్రీ బొమ్మలన్నీ గోడల నుంచి దింపింది. వాటిని అమ్మడం లేదని, ఎవరి కుర్చీ వాళ్ళకు ఇచ్చేస్తానని చెప్పింది. భ్రమరాంబ గారు తోడు వెళ్ళారు. ఇద్దరూ రెండు రోజులు గోపన్‌పల్లి నుంచి నల్లగండ్ల దాకా గేటు గేటుకూ తిరిగారు. ఒకాయన బొమ్మను తిరగేసి మరగేసి చూసి, ఇది దేనికి, సంతకం ఎక్కడ పెట్టాలి అని అడిగాడు. ఇంకొకాయన దాన్ని సొంతూరు పంపించాడు. తొమ్మిది గేట్ల దగ్గర మనుషులు మారిపోయారు. పాత వాచ్‌మన్ ఎక్కడికి వెళ్ళాడో కొత్తవాళ్ళకు తెలియదు. కుర్చీలు మాత్రం అవే. ఆ తొమ్మిదీ ఉమాశ్రీ దగ్గర ఉండిపోయాయి.

ఇప్పుడు షెడ్డు లేదు. పునాదుల పని నడుస్తోంది, ఆదివారాలు కూడా. భీమేశ్వరరావు గారు కొలిచి, ఎనభై మూడు అని రాసి తన పాత శాఖకు పంపించారు. పనివేళలు తగ్గించమని బిల్డరుకు నోటీసు వెళ్ళింది. ఈ చప్పుడు తాత్కాలికమని, నాలుగేళ్ళలో అయిపోతుందని రంగనాథ్ గారు గ్రూపులో పెట్టారు.

సురేంద్ర నల్లగండ్లలో డ్రైవింగ్ స్కూలు పైన ఒక హాలు మాట్లాడాడు. ఆదివారం కింద క్లాసులు ఉండవు. భీమేశ్వరరావు గారు, భ్రమరాంబ గారు మూడు గంటలకే ఆటో ఎక్కుతారు. దారిలో ట్రాఫిక్ ఉంటుంది, నేపథ్యం నాలుగున్నరకు. కొత్తగా వచ్చిన బృందాల పిల్లలు తమ పాట ఎక్కడ పెరిగింది, ఎక్కడ తగ్గిందని ఆయన చుట్టూ చేరతారు. ఆయన ఫారం తీసి చదువుతారు. మూలం గడిని ఇప్పుడు పేజీ సగం దాకా పెంచుకున్నారు.

పోయిన వారం నేను కూడా వెళ్ళాను. స్వాతి కొత్త పాట పాడుతుందని భ్రమరాంబ గారు చెప్పారు. మెట్ల పైన తలుపు దగ్గర ఒకావిడ నిలబడి, మీరేం వాయిస్తారు, ఏం గీస్తారు అని నన్ను అడిగింది. ఏమీ రాదు, వినడానికి వచ్చానన్నాను.

"అయితే ముందుకు వెళ్ళండి. వెనక సరిగా వినపడదు" అంది.